పక్క ఫ్లాట్‌లోకి కొత్తవాళ్ళు దిగారా, అయితే మొదటి రెండు నెలలు ఇలా చేయండి

అపార్ట్‌మెంట్‌లోకి కొత్త ఫ్యామిలీ దిగిన రోజు, లారీలోంచి సామాను మొత్తం దిగకముందే వాళ్ళ గురించి సగం కథ తయారైపోతుంది. దేవుడి పటాలు కనిపించాయా లేదా, ఆవిడ బొట్టు పెట్టుకుందా బురఖా వేసుకుందా, పిల్లల్తో తెలుగులో మాట్లాడుతున్నారా హిందీలోనా, ఇవన్నీ బాల్కనీలోంచే చూసేస్తాం. సాయంత్రానికి ఎవరో ఒకరు లిఫ్ట్ దగ్గర ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరుతో తేలకపోతే ఊరు అడుగుతారు, ఊరుతో కూడా తేలకపోతే "అంటే మీరు ఏ కులం వాళ్ళు" అని డైరెక్ట్‌గానే అడిగేస్తారు. ఇక ఆ తర్వాత వాళ్ళు ఏం చేసినా ఆ కథకి తగ్గట్టే కనిపిస్తుంది, తలుపేసుకుంటే పొగరు, తలుపు తీసిపెట్టుకుంటే పద్ధతి లేదు.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా అపార్ట్‌మెంట్లలోనే ఉంటున్నా, అసోసియేషన్ పనులు కూడా చూస్తుంటా. అందుకే గట్టిగా చెప్తున్నా, నవ్వి నమస్తే పెట్టడం, పండక్కి స్వీట్ బాక్స్ ఇవ్వడం మంచివే కానీ వాటితో మనసులో ఉన్న అనుమానం పోదు. ఇద్దరికీ అవసరమైన ఒక పని ఇద్దరూ సమానంగా నిలబడి కలిసి చేస్తే పోతుంది. దీని గురించి కింద వివరంగా రాస్తా, ముందు చిన్నవాటితో మొదలుపెడదాం.

మొదటి వారం ఏం అడగాలి, ఏం అడగొద్దు

కొత్తగా వచ్చినవాళ్ళకి మన కులగోత్రాలతో పని లేదు, నీళ్ళ టైమింగ్‌తో పని. మంజీరా నీళ్ళు ఏ రోజు వదులుతారు, మోటర్ ఎవరు వేస్తారు, చెత్త ఆటో ఎన్నింటికి వస్తుంది, తడి చెత్త పొడి చెత్త ఎక్కడ వేరు చేసి పెట్టాలి, పాలు ఎవరు వేస్తారు, కరెంట్ పోతే ఎవరికి ఫోన్ చేయాలి, పార్కింగ్‌లో వాళ్ళ ప్లేస్ ఏది, ఇవి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. తెలుగు రాని వాళ్ళైతే హిందీలోనో ఇంగ్లీష్‌లోనో వాట్సాప్ చేయండి. ఇది పది నిమిషాల పని, కానీ ఈ వివరాలు తెలియకే మొదటి గొడవలు వస్తాయి. చెత్త కవర్ తప్పు చోట పెట్టారని, పార్కింగ్‌లో అడ్డంగా బండి పెట్టారని, మోటర్ ఆపలేదని. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు అనే మాట ఎవరికీ తట్టదు, "ఆ టైపు మనుషులు అంతే" అనే మాట మాత్రం వెంటనే వచ్చేస్తుంది.

అడగకూడనివి కూడా ఉన్నాయి. కులం తెలుసుకోడానికి ఇంటిపేరు అడగొద్దు. అడిగేవాళ్ళకి అది మామూలు మాటే కావచ్చు, కానీ జీవితమంతా ఆ ప్రశ్న తర్వాత ఎదుటి మొహం మారడం చూసినవాళ్ళకి అది మామూలు మాట కాదు. "నాన్‌వెజ్ తింటారా" అని మొదటి రోజే అడగొద్దు. అమ్మాయిలు కలిసి అద్దెకి దిగితే "మీ పేరెంట్స్ ఎప్పుడొస్తారు" అని ఎంక్వైరీ వద్దు. "మిమ్మల్ని ఏమని పిలవాలండీ" అని అడగండి చాలు. చెప్పిన పేరు సరిగ్గా పలకడం నేర్చుకోండి, షబానా గారు, జోసెఫ్ అన్న, లాల్‌రెమ్ అన్నా సరే, పేరుతో పిలవండి. "302 ముస్లిమ్స్", "ఆ బిహారీ వాళ్ళు", "కింద ఫ్లోర్ బ్యాచిలర్స్" అని మన ఇంట్లో అంటుంటే రేపు మన పిల్లాడు పార్కింగ్‌లో ఆడుకుంటూ వాళ్ళ పిల్లాడి మొహం మీదే అదే మాట అంటాడు. పిల్లలు అన్నం తినేటప్పుడు విన్నవన్నీ బయటికి మోసుకెళ్తారు.

వాసన గొడవ

మన అపార్ట్‌మెంట్లలో సగం మనస్పర్థలు వంటింటి నుంచే వస్తాయి కాబట్టి దీనికి కొంచెం టైం ఇద్దాం. చాలా బిల్డింగుల్లో కిచెన్లన్నీ ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటాయి, కింద ఫ్లోర్లో ఏం వేయించినా పై ఫ్లోర్ బెడ్‌రూమ్‌లోకి వస్తుంది. ఇది బిల్డర్ కట్టిన తీరు, వండినవాళ్ళ తప్పు కాదు. కానీ ఎండుచేపలు వేగుతున్న వాసన వస్తే మనకి డక్ట్ గుర్తు రాదు, ఆ ఇంటివాళ్ళ కులమో మతమో రాష్ట్రమో గుర్తొస్తుంది. ఎండురొయ్యలు గోంగూర మనమే లొట్టలేసుకుని తింటాం, నాగాలాండ్ వాళ్ళు పులియబెట్టిన సోయాబీన్స్ వండుకుంటే మాత్రం ముక్కు మూసుకుంటాం. అమెరికాలో మన వాళ్ళు ఇంగువ పోపు పెడితే స్మోక్ అలారం మోగి కారిడార్ అంతా బయటికి వచ్చి నిలబడటం చాలామంది తెలుగు ఇళ్ళల్లో జరిగిందే, అప్పుడు పక్కింటి మొహం ఎలా ఉంటుందో వాళ్ళని అడిగితే చెప్తారు.

మాట్లాడాల్సి వస్తే ఇలా మాట్లాడండి: "వదినా, డక్ట్‌లోంచి పొగ మొత్తం మా బెడ్‌రూమ్‌లోకి వస్తోంది, బాబుకి ఆయాసం ఉంది, ఎగ్జాస్ట్ పైపు కొంచెం పైకి పెట్టిద్దామా, ఖర్చు సగం సగం వేసుకుందాం." ఇందులో వాళ్ళ తిండి మీద ఒక్క మాట లేదు చూడండి, పొగ మీద, పైపు మీదే ఉంది. "మీరు వండేది మాకు పడదు, మా ఇంట్లో పూజ ఉంటుంది" అన్నారంటే ఇక అక్కడ రిపేర్ చేయడానికి పైపు ఉండదు, మనిషే మిగుల్తాడు. ఎవరింట్లో ఏం వండుకోవాలో పక్కింటివాళ్ళు చెప్పకూడదు, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. వండేవాళ్ళు కూడా చేయగలిగింది ఉంది, ఎగ్జాస్ట్ వేసుకోవడం, చేపల పొట్టు, ఎముకలు కవర్లో గట్టిగా కట్టి చెత్త ఆటో వచ్చే పొద్దున్నే బయటపెట్టడం, రాత్రంతా కారిడార్లో ఉంచకపోవడం. ఇది వెజ్ వాళ్ళకీ వర్తిస్తుంది, కుళ్ళిన కూరగాయల వాసన తక్కువేం కాదు.

పొద్దున్న నాలుగింటికి చప్పుడు

రంజాన్ నెలలో సహరీకి, అంటే ఉపవాసానికి ముందు తినే భోజనానికి, మూడున్నర నాలుగింటికి లేస్తారు, గిన్నెల చప్పుడు, కుర్చీల చప్పుడు వినిపిస్తుంది. కార్తీక మాసంలో మన ఆడవాళ్ళు అదే టైంకి లేచి తలస్నానాలు చేసి దీపాలు పెడతారు, ధనుర్మాసంలో గుడి మైకు, డిసెంబర్లో అర్ధరాత్రి క్రిస్మస్ క్యారల్స్, నవంబర్ నుంచి అయ్యప్ప స్వాముల భజనలు. ప్రతి ఇంటికీ తెల్లారకముందే లేచే ఒక నెల ఉంటుంది. అది తెలియక "వీళ్ళు రాత్రంతా ఏం చేస్తున్నారో" అనుకోవడం దగ్గరే అనుమానం మొదలవుతుంది. పరిష్కారం తేలిక, ఎవరింట్లో ఏ నెల ఉందో వాళ్ళే ముందు వెళ్ళి చెప్పాలి, "వచ్చే వారం నుంచి మాకు రోజాలు, పొద్దున్నే కొంచెం చప్పుడు ఉంటుంది, ఇబ్బందైతే చెప్పండి" అని. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి పోయినేడాది తేదీ గుర్తుపెట్టుకుంటే లాభం లేదు, అడగాల్సిందే.

మైకులకి మాత్రం రూల్ ఉంది, అది అందరికీ ఒకటే. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు, ఇళ్ళుండే ఏరియాలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు, పండగలకి ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకి మించకుండా రాత్రి 12 దాకా పెంచొచ్చు. అసోసియేషన్ ఈ రూల్ నోటీస్ బోర్డు మీద పెట్టి వినాయక చవితికీ, ప్రేయర్ మీటింగ్‌కీ, పుట్టినరోజు డీజేకీ ఒకేలా అమలు చేస్తే గొడవ ఉండదు. ఒక పండక్కి కళ్ళు మూసుకుని ఇంకో పండక్కి పోలీసులకి ఫోన్ చేస్తే అప్పుడు రూల్ అనేది కూడా వివక్షే అవుతుంది.

పెట్టింది తినకపోతే

నాకు బాగా బాధనిపించే విషయం ఇది, ఎందుకంటే రెండు వైపులా మంచి మనసు ఉండి కూడా ఇక్కడే తెగిపోతుంది. మీరు ప్రేమగా గిన్నెలో ఏదో పంపిస్తారు, వాళ్ళు వద్దంటారు, లేదా తీసుకుని తినరు, అది మీకు తెలుస్తుంది. వెంటనే "మన చేతి తిండి తినరట" అనిపిస్తుంది. కారణాలు వంద ఉండొచ్చు. అయ్యప్ప దీక్ష 41 రోజులు, ఆ టైంలో బయటి తిండి ముట్టరు. సోమవారమో గురువారమో శనివారమో నాన్‌వెజ్ తినని ఇళ్ళు బోలెడు. ముస్లింలకి హలాల్ కాని మాంసం కుదరదు, రోజా ఉంటే పగలు మంచినీళ్ళు కూడా తాగరు. జైనులు ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ తినరు, సూర్యాస్తమయం లోపే భోజనం చేసే వాళ్ళూ ఉన్నారు. చాలామంది క్రైస్తవులు దేవుడికి పెట్టిన ప్రసాదం తీసుకోరు, అది మీ మీద కోపం కాదు, వాళ్ళ విశ్వాసం.

అందుకే మొదటిసారి వండినది పంపకండి, పళ్ళు ఇవ్వండి, కాదనేవాళ్ళు తక్కువ. అప్పుడే మాటల్లో అడగండి, "మీ ఇంట్లో ఏవి తింటారు ఏవి తినరు చెప్పండి, తర్వాత పంపిస్తా" అని. పులిహోర చేసినప్పుడు నైవేద్యం పెట్టకముందే కొంచెం తీసి పక్కన పెట్టి ఆ ఇంటికి పంపండి, ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశా, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రంజాన్‌కి వెజ్ ఇళ్ళకి సేమ్యా ఖీర్ వేరే గిన్నెలో చేసి పంపే ఆంటీలు ఉన్నారు, హలీం మాత్రం అడిగిన వాళ్ళకే. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మన పెద్దవాళ్ళు అనేవాళ్ళు కదా, అది పట్టుకోండి, పంచదారైనా సరే నాలుగు నిమ్మకాయలైనా సరే వేసి ఇవ్వండి, ఆ రాకపోకలు అలా నడుస్తాయి.

వద్దనేవాళ్ళు కూడా కారణం చెప్పాలి. "దీక్షలో ఉన్నాం అన్నా, దిగాక తప్పకుండా వస్తాం" అంటే ఎవరూ బాధపడరు, ఊరికే తల అడ్డంగా ఊపి తలుపేస్తే ఆ మనిషి ఏళ్ళ తరబడి అది మోస్తాడు. ముఖ్యంగా ఆ మనిషి దళితుడైతే, ఊర్లో టీ కొట్టు దగ్గర దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి చూసి వచ్చినవాడైతే, మీ మౌనానికి ఆయనకి తెలిసిన అర్థం ఒకటే ఉంటుంది.

మన తెలుగు నేలకి ఇదేం కొత్త కాదు. నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో ఎవరి చేతి రొట్టె ఎవరు తీసుకుంటున్నారో ఎవరూ అడగరు, కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరుకునేవాళ్ళు పుచ్చుకుంటారు. దేవుని కడపలో ఉగాది రోజు ముస్లింలు బీబీ నాంచారమ్మ పుట్టింటివాళ్ళుగా వెంకన్న గుడికి వస్తారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండక్కి పీర్లు ఎత్తేది హిందువులు కూడా. ఊళ్ళో ఇవన్నీ చేసిన వాళ్ళ మనవలే సిటీకి వచ్చాక టులెట్ బోర్డు మీద "ఓన్లీ వెజ్" అని రాస్తే దానికి వేరే అర్థం ఉంటుందని అందరికీ తెలుసు.

వాచ్‌మన్‌నీ, గ్రూప్‌నీ మధ్యలోకి తేవద్దు

కంప్లైంట్ ఉంటే వాచ్‌మన్‌తో చెప్పి పంపకండి. ఆయన ఒక మాట చెప్పడానికి వెళ్ళి ఇంకో మాట మోసుకొస్తాడు, ఆయన తప్పు కాదు, ఇద్దరి జీతం మీద బతికేవాడు ఇద్దరికీ నచ్చేటట్టే చెప్తాడు. వాట్సాప్ గ్రూప్‌లో ఫోటో తీసి పెట్టడం ఇంకా దారుణం, "ఎవరిదీ చెత్త?" అని ఫోటో పెడితే పదిమంది కోపం ఎమోజీలు పెడతారు, అప్పటికే అందరికీ ఎవరో తెలిసి ఉంటుంది, ఆ కుటుంబం గ్రూప్‌లో ఏం సమాధానం చెప్పలేక చూస్తూ ఉండిపోతుంది. తలుపు కొట్టి, ఒక్కళ్ళే వెళ్ళి, సాయంత్రం ఆరేడింటి మధ్య, మామూలు గొంతుతో చెప్పండి. ఒకటే విషయం చెప్పండి. పాతవన్నీ కలిపి చెప్పొద్దు.

అసలు పని: నీళ్ళు

మొదట్లో చెప్పిన ఉమ్మడి పని సంగతికి వద్దాం. 1954లో అమెరికాలో ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ అనే చోట ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్ట్ ఒక సమ్మర్ క్యాంప్ పెట్టాడు, 22 మంది మగపిల్లలు, పదకొండు పన్నెండేళ్ళ వాళ్ళు, అందరిదీ ఒకే రంగు ఒకే మతం ఒకేలాంటి ఇళ్ళు. రెండు గ్రూపులు చేసి పోటీలు పెడితే కొద్ది రోజుల్లోనే జెండాలు కాల్చుకునే దాకా వెళ్ళారు. తర్వాత కలపాలని చూశారు, పక్కపక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టారు, సినిమా చూపించారు, ఏం లాభం, భోజనాల దగ్గర తిండి విసురుకున్నారు. ఎక్కడ మారింది అంటే క్యాంప్‌కి నీళ్ళు ఆగిపోయినప్పుడు. ట్యాంకు దగ్గర అడ్డు ఎక్కడుందో వెతకడానికి రెండు గ్రూపులూ కలిసి పనిచేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆగిపోయిన ట్రక్కుని కలిసి తాడుతో లాగారు, చివరికి ఒకే బస్సులో ఇంటికెళ్తామన్నారు. పెద్దవాళ్ళే ఆ పిల్లల్ని కావాలని రెచ్చగొట్టారని ఈ ప్రయోగం మీద విమర్శలు ఉన్నాయి, అవి న్యాయమైనవే. కానీ అదే 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే ఇంకో సైకాలజిస్ట్ కూడా ఇలాంటిదే చెప్పాడు, ఊరికే కలవడం చాలదు, సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, కలిసి పనిచేయాలి, పైవాళ్ళ సపోర్ట్ ఉండాలి అని. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు పరిశోధకులు 515 అధ్యయనాలు కలిపి చూస్తే మనుషులు కలిసే కొద్దీ సాధారణంగా ద్వేషం తగ్గుతుందని, ఆ షరతులు ఉన్నచోట ఇంకా ఎక్కువ తగ్గుతుందని తేలింది.

మన దగ్గర ఈ ఉమ్మడి పనికి కొదవే లేదు. మార్చి దాటితే బోరు దిగిపోతుంది, ట్యాంకర్లు బుక్ చేయాలి, 5,000 లీటర్లదా 10,000దా, డబ్బులు ఎవరు వసూలు చేయాలి, ట్యాంకర్ వచ్చినప్పుడు సంపు దగ్గర ఎవరు నిలబడాలి. ఈ డ్యూటీ లిస్టులో కొత్తవాళ్ళ పేరు మొదటి నెలలోనే పెట్టండి, వేరే మతం, వేరే కులం, వేరే భాష అనుకునే ఇద్దర్ని ఒక జతగా వేయండి. రాత్రి పదకొండింటికి ట్యాంకర్ డ్రైవర్ రాకపోతే ఇద్దరూ ఫోన్లు చేసుకుంటూ గేటు దగ్గర గంట నిలబడతారు చూడండి, ఆ గంటలో జరిగే మాటలు ఏ ఇఫ్తార్ విందులోనూ జరగవు. ఇంకుడు గుంత శుభ్రం చేయించడం, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) కోసం మూడు కొటేషన్లు తేవడం, సీసీ కెమెరాలు, కుక్కలకి టీకాలు, ఏదైనా సరే.

ఇక్కడ ఒక షరతు మాత్రం వదలొద్దు, సమానంగా. కొత్తవాళ్ళకి బరువులు మోసే పని ఇచ్చి పాతవాళ్ళు లెక్కలు రాసుకుంటే అది కలిసి పనిచేయడం కాదు. చాలా అసోసియేషన్లలో అద్దెకున్నవాళ్ళని మీటింగ్‌కే పిలవరు, మెయింటెనెన్స్ మాత్రం వాళ్ళ దగ్గరే తీసుకుంటారు. ఓటు ఇవ్వలేకపోయినా మీటింగ్‌లో కూర్చుని మాట్లాడే హక్కు ఇవ్వండి, కుర్చీ వేయండి, మినిట్స్‌లో వాళ్ళు అన్నది కూడా రాయండి. ప్రెసిడెంట్, సెక్రటరీ బయటికి చెప్పాలి, ఈ బిల్డింగ్‌లో అందరూ సమానమే అని. పైనున్న వాళ్ళు నోరు విప్పకపోతే కింద ఎవరు ఎంత మంచిగా ఉన్నా ఉపయోగం ఉండదు.

కొత్తగా వచ్చింది మీరే అయితే

పాలు పొంగించే రోజు మీ ఫ్లోర్ వాళ్ళందర్నీ, వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా పిలవండి, పూజ లేకపోతే టీకి పిలవండి. డ్రిల్లింగ్ పనులు ఎన్ని రోజులుంటాయో ముందే చెప్పండి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వదిలేయండి, పెద్దవాళ్ళు పడుకుంటారు. చిన్న సాయం అడగండి, ప్లంబర్ నంబరో, నిచ్చెనో, ఎవరైనా సాయం చేశాక ఆ మనిషిని పరాయిగా చూడటం కష్టం. ఒకళ్ళు మొహం తిప్పుకున్నారని బిల్డింగ్ మొత్తం అంతే అనుకోవద్దు, ఇంకో ఇల్లు ఉంటుంది. కానీ ఒకటి, అందరికీ నచ్చడానికి మీ పేరు దాచుకోవడం, మీ తిండి దాచుకోవడం, పండగ చప్పుడు లేకుండా చేసుకోవడం చేయొద్దు. మీరు మంచివాళ్ళని రోజూ నిరూపించుకోవాల్సిన అవసరం లేదు.

ఇది అపార్థం కానప్పుడు

అన్నీ అపార్థాలు కావు. కొన్ని తెలిసి చేసే అవమానాలు. లిఫ్ట్‌లో ఎక్కగానే దిగిపోవడం, పిల్లల్ని ఆడుకోనివ్వకపోవడం, కులం పేరుతో తిట్టడం, కామన్ కుళాయి వాడొద్దనడం. వీటికి పళ్ళూ పులిహోరా మందు కాదు. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది దళితులు తాగే చెరువు నీళ్ళు మురికి చేయొద్దని అడిగినందుకే, ఆరుగురు దళితుల్ని చంపారు. పొరుగువాళ్ళని తక్కువగా చూడటం ఎక్కడి దాకా పోగలదో మనకి తెలుసు కాబట్టే చిన్నగా ఉన్నప్పుడే ఆపాలి.

అవమానించిన మనిషి మీ స్నేహితుడైతే ముందు మీరే ఒంటరిగా కూర్చుని చెప్పండి, "అన్నా, నువ్వు అన్నది తప్పు, ఇంకోసారి నా ముందు అనొద్దు" అని. అవమానం పడ్డవాళ్ళతో చెప్పించడం, వాళ్ళనే సర్దుకుపొమ్మనడం అన్యాయం. తర్వాత అసోసియేషన్ లెటర్ ఇవ్వాలి. మతం చూసి ప్రైవేటు ఇల్లు అద్దెకివ్వకపోవడాన్ని అడ్డుకునే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు, అది పెద్ద లోటు. కానీ అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది, 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నలుగురిలో కులం పేరుతో తిట్టడం, సాంఘిక బహిష్కరణ నేరాలు. అంతదాకా వస్తే ఆ కుటుంబంతో పాటు పోలీస్ స్టేషన్‌కి బిల్డింగ్‌లోంచి ఒకళ్ళిద్దరైనా వెళ్ళండి, వెళ్ళేముందు తేదీ, టైం, ఎవరి ముందు ఏ మాట అన్నారు అనేది ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకోండి, కంప్లైంట్ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.